పట్టు మీద బొమ్మ దొరికిందా? సంతకం సంగతి తర్వాత, ముందు వెనక్కి తిప్పండి

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్లకి వినిపిస్తోందా? సరే, మొదలుపెట్టేద్దాం.

ఎవరైనా సెకండ్‌హ్యాండ్‌లో చైనాదో జపాన్‌దో పట్టు పెయింటింగ్ ఒకటి కొన్నారనుకోండి, లేదా ఎవరో ఇల్లు ఖాళీ చేస్తూ ఇచ్చేశారనుకోండి, నాకు వచ్చే ఫోటో మాత్రం ఎప్పుడూ ఒకటే. బొమ్మ సగమే కనపడుతుంది, మూలన ఉన్న ఎర్ర ముద్ర మాత్రం బాగా జూమ్ చేసి ఉంటుంది, దాని కింద "ఇదెవరిదండీ, విలువైనదేనా?" అని ఒక మెసేజ్. నేను తిరిగి అడిగేదీ ఒకటే, వెనక వైపు ఫోటో పంపండి అని. చాలామందికి అది కాస్త నిరాశగా ఉంటుంది, ఎందుకంటే వెనక ఏముంటుంది, పాత కాగితం, మరకలు, అంతే కదా అనుకుంటారు. కానీ ముద్ర అనేది ఎవరైనా ఒక పూటలో చెక్కి కొట్టేయొచ్చు, పేరు ఎవరిదైనా రాసేయొచ్చు. పట్టు ఎలా నేశారు, ఎలా ముదిరింది, వెనక ఏ కాగితం అంటించారు, బొమ్మని దేనికి బిగించారు, వీటిని నమ్మించేలా దొంగతనంగా చేయడం చాలా కష్టం. అందుకే ఈ పూట మనం తలకిందులుగా వెళ్దాం. ముందు వస్తువు, తర్వాత బొమ్మ, అన్నిటికంటే చివర పేరు.

అసలు మొట్టమొదట తేల్చుకోవాల్సింది, అది పెయింటింగేనా అని. నవ్వకండి, నిజంగానే. పట్టు మీద కనపడే బొమ్మ నాలుగైదు రకాలుగా తయారవుతుంది. కొన్ని రంగు దారాలతో నేసినవి. చైనాలో హాంగ్‌జౌ ఊళ్లో దూ జిన్‌షెంగ్ అనే ఆయన 1922లో పెట్టిన సిల్క్ మిల్లు ఇలాంటివాటికి బాగా పేరు, ఎక్కువగా నలుపు తెలుపు నేతలో సరస్సులు, గోపురాలు, వంతెనలు, దూరంనుంచి చూస్తే అచ్చం ఫోటోలానో సిరా బొమ్మలానో ఉంటాయి. లెన్స్ పెట్టి చూస్తే గీత అనేదే ఉండదు, దారమే పైకీ కిందకీ వెళ్తూ నలుపు తెలుపు చేస్తుంది. ఇంకొన్ని సూది పనివి, సుజౌ ఎంబ్రాయిడరీ అంటారే అవి, అందులో కొన్నిట్లో దారాన్ని ఎంత సన్నగా చీలుస్తారంటే చేప తోక నీళ్లలో ఊగుతున్నట్టే ఉంటుంది. ఇవి పెయింటింగ్ కాదని తీసిపారేయక్కర్లేదు, కొన్ని మంచి పెయింటింగ్ కంటే గొప్పవి, కానీ వాటిని చూసే పద్ధతి వేరు, కొనేవాళ్లూ వేరు.

తర్వాత ప్రింట్లు. ఇక్కడ కాసేపు ఆగుదాం, ఎందుకంటే మోసపోయేది ఎక్కువ ఇక్కడే. పది రెట్లు పెద్దగా చూపించే చిన్న లెన్స్ ఒకటి జేబులో పెట్టుకోండి, నగల పనివాళ్లు వాడేది. రంగు మీద పెట్టి చూస్తే వరసగా చుక్కలు, పువ్వులాగా అల్లుకున్న చుక్కలు కనిపించాయా, ఆఫ్‌సెట్ ప్రింట్. సన్నగా చల్లినట్టు రంగురంగుల నలుసులు కనిపించాయా, ఇంక్‌జెట్. ఇంతవరకూ సులువు. కానీ "చుక్కలు లేవు కాబట్టి చేత్తో వేసిందే" అని తేల్చేస్తే తప్పు. కొలోటైప్ అని ఒక పాత ప్రింటింగ్ పద్ధతి ఉంది, జపాన్‌లో దాన్ని చాలా బాగా చేస్తారు, దాన్లో చుక్కల గడి ఉండదు, చాలా సన్నటి ముడతల్లాంటి గరుకు ఉంటుంది, ఓపికగా చూస్తేగానీ దొరకదు. ఇక బీజింగ్‌లో రోంగ్‌బావోజాయ్ అనే పేరున్న సంస్థ ఉంది, వాళ్లు చెక్క అచ్చులు పదులకొద్దీ చెక్కి ఒక్కో రంగూ చేత్తో అద్ది పాత బొమ్మల్ని అలాగే దింపుతారు, పట్టు మీద కూడా. అక్కడ నీటి రంగే, సిరాయే, ఒక్క చుక్క ఉండదు. ఇలాంటిది మీ చేతికొస్తే అది మోసం కూడా కాదు, మంచి అచ్చు పని, కాకపోతే ఎవరో ఒకరు మధ్యలో దాని లేబుల్ పీకేసి ఉంటారు.

మరి చేత్తో వేసిందని ఎలా తెలుస్తుంది? గీత మొదలూ చివరా చూడండి. కుంచె ఆనిన చోట సిరా కాస్త చేరుతుంది, ఎత్తేసిన చోట పల్చబడుతుంది, రెండు గీతలు ఒకదాన్నొకటి దాటిన చోట ముదురుగా ఉంటుంది. సిరా దారం మీద కూర్చోవడం కాదు, దారంలోకి కొంచెం దిగి ఉంటుంది. ప్రింట్‌లో అన్ని చోట్లా మెరుపు ఒకటే, ముద్రా సంతకమూ ఆకూ అన్నీ ఒకే పలకగా ఉంటాయి. నిజమైన ముద్రకి వాడేది ఇంగిలీకం అనే ఎర్ర రాయి పొడి, ఆముదం కలిపిన ముద్ద, అది పట్టు పైన కాస్త మందంగా నిలబడుతుంది, టార్చి పక్కనుంచి వేస్తే తెలుస్తుంది. ఇంకో రకం కూడా ఉంది, అదే ఎక్కువ దొరుకుతుంది, బూడిద రంగు గీతలు మాత్రం ప్రింట్ చేసి లోపల రంగులు చేత్తో నింపుతారు. పిట్టలు, పూలు, గొడుగు పట్టుకున్న అమ్మాయిలు. రంగు తడి చూసి "హ్యాండ్ పెయింటెడే" అంటారు, అబద్ధం కాదు, పూర్తి నిజమూ కాదు.

ఇప్పుడు పట్టు దగ్గరికొద్దాం. నాకు ఇష్టమైన భాగం ఇదే, కాస్త ఎక్కువసేపు చెప్తాను, ఏమనుకోకండి.

పెయింటింగ్‌కి వాడే పట్టు చాలా పల్చటి సాదా నేత, పడుగూ పేకా ఒకటి పైన ఒకటి కింద, అంతే, పూలూ బుటాలూ ఏమీ ఉండవు. కొన్ని పాత చైనా పట్టుల్లో పడుగు పోగులు జంటలు జంటలుగా వెళ్తాయి, మధ్యలో పేక ఒంటరిగా. చేనేతది అయితే పోగులు సమానంగా ఉండవు, ఒకటి లావు ఒకటి సన్నం, అక్కడక్కడా చిన్న ముడి. లెన్స్‌లో గ్రాఫ్ కాగితంలా అన్నీ ఒకే లెక్కన కనిపిస్తే అది మిల్లు నేత, ఒక్కోసారి పట్టే కాదు, పాలిస్టర్ లేదా రేయాన్. దారం కాల్చి చూడమని చెప్పేవాళ్లు ఉంటారు, జుట్టు కాలిన వాసనొస్తే పట్టని. బట్ట కొట్టులో తానుకి అది పనికొస్తుందేమో గానీ బొమ్మకి మాత్రం దయచేసి చేయకండి.

ఉత్త పట్టు మీద సిరా వేస్తే పాకిపోతుంది, అందుకని ముందు పటిక, జంతువుల చర్మం ఉడికించి తీసిన జిగురు, నీళ్లలో కలిపి పూత పూస్తారు. బొమ్మని నిలబెట్టేదీ ఆ పటికే, కాలం గడిచేకొద్దీ పట్టుని తినేసేదీ అదే, ఎందుకంటే దాంట్లో ఆమ్లం ఉంటుంది. దానికి తోడు వెలుతురు. దాంతో పట్టు గోధుమ రంగుకి తిరిగి, పెళుసై, బీరువాలో ఏళ్ల తరబడి ఒకే మడత మీద ఉన్న పట్టుబట్టలాగా చిట్లడం మొదలెడుతుంది. అందుకే పాతది అనగానే జనం మనసులో గోధుమ రంగు, పగుళ్లు. నకిలీ చేసేవాడికీ అది తెలుసు. టీ నీళ్లలో ముంచుతాడు, పొగ పెడతాడు, చేత్తో నలుపుతాడు.

దీని మీద తొమ్మిదొందల ఏళ్ల కిందే ఒకాయన చాలా చక్కగా రాసి పెట్టాడు. చైనాలో సోంగ్ రాజుల కాలంలో మీ ఫూ అని చిత్రకారుడు, 1051లో పుట్టి 1107లో పోయాడు, పాత బొమ్మలంటే పిచ్చి. ఆయన చెప్పిందాని సారం ఏంటంటే, నిజంగా పాతదైన పట్టు రంగు లేతగానే ఉంటుంది, వంద చోట్ల చిరిగినా బొమ్మలో కళ పోదు. బుద్ధుడి పటాలు మాత్రం వేరు, అవి ధూపం పొగకి నల్లబడతాయి. రంగు నీళ్లలో ముంచిన పట్టు అయితే ఆ రంగు పోగుల సందుల్లో చేరి కూర్చుంటుంది, ఇట్టే తెలిసిపోతుంది. ఆఖరిది అన్నిటికంటే పనికొచ్చేది, పాత పట్టు కత్తితో కోసినట్టు నిటారుగా చీలదు, రెండు మూడు పడుగు పోగుల్ని కలుపుకుని అడ్డదిడ్డంగా చిట్లుతుంది, అది దొంగగా చేయలేరని. మీరు ఈ రోజు ఒక లెన్స్ పట్టుకుని చేయాల్సింది కూడా సరిగ్గా ఇదే. చిరుగు దగ్గర అంచు చూడండి. అంచు నీట్‌గా గీత గీసినట్టుందా, చేప నోరులా పీచుపీచుగా ఉందా? ఇంకా ముఖ్యంగా, పగులు మీదుగా సిరా గీత వెళ్తోంది కదా, అక్కడ ఏమైంది? పట్టుతో పాటు సిరా కూడా ఊడిపోయి ఉంటే బొమ్మ ముందు, పగులు తర్వాత. పగులు లోపలికి సిరా కారి, అడుగున ఉన్న కాగితం మీద కూడా గీత కనిపిస్తే, పగుళ్లున్న పాత పట్టు మీద ఎవరో తర్వాత బొమ్మ వేశారన్నమాట, లేదా బాగుచేసేటప్పుడు దిద్దారన్నమాట. రెండింటికీ తేడా ఉంది, దిద్దింది అక్కడక్కడా ఉంటుంది, రంగు కాస్త వేరుగా ఉంటుంది.

పగుళ్లు ఏ దిక్కున ఉన్నాయో కూడా గమనించండి. గోడకి వేలాడదీసి, చుట్టి దాచే బొమ్మ అయితే మడతలు అడ్డంగా పడాలి, ఎందుకంటే చుట్టేది అటే కదా. నిలువు మడతలు ఎక్కువగా ఉంటే ఎందుకున్నాయో అడగాలి. రంగు మాత్రం నమ్మకండి. 1972లో చైనాలో చాంగ్షా దగ్గర మవాంగ్‌దుయ్ సమాధిలో బయటపడిన పట్టు పతాకం రెండు వేల ఏళ్లకి పైబడింది, చీకట్లో గాలి తగలకుండా ఉంది కాబట్టి రంగులు ఇప్పటికీ కనిపిస్తాయి. అదే కిటికీకి ఎదురుగా పెట్టింది ముప్పై నలభై ఏళ్లకే ముసలిదైపోతుంది.

రంగుల గురించి రెండు మాటలు. పాత రంగులు చాలావరకు రాళ్లే, నీలానికి ఆజురైట్, పచ్చకి మలకైట్, ఎరుపుకి ఇంగిలీకం. పొడి చేసి జిగురుతో వేస్తారు కాబట్టి లెన్స్‌లో ఇసకలా గింజలు కనిపిస్తాయి. మలకైట్‌లో రాగి ఉంటుంది, అది అడుగున ఉన్న పట్టుని తినేస్తుంది, అందుకని ఆకుపచ్చ ఉన్న చోటే పట్టు చీకిపోయి వెనక కాగితం మీద గోధుమ మరక దిగితే భయపడొద్దు, అది మంచి సాక్ష్యం. అలాగే మొహాలూ తెల్ల పూలూ నల్లగా మారితే అది సీసపు తెలుపు గాలిలోని గంధకంతో కలిసి నల్లబడటం. జపాన్‌వాళ్లు ఎక్కువగా ఆలిచిప్పల పొడి వాడతారు, అది నల్లబడదు, కానీ మందంగా వేస్తే పెళ్లలు ఊడుతుంది. ఇంకో సంగతి, మంచి పనివాడు పట్టు వెనక వైపు నుంచి కూడా రంగు వేస్తాడు. పట్టు పల్చన కదా, వెనక వేసిన తెలుపు ముందు వైపు మెత్తగా వెలుగుతుంది. జపాన్‌లో ఇతో జాకుచూ, 1716 నుంచి 1800 దాకా ఉన్నాయన, ఆయన వేసిన ముప్పై పట్టు చిత్రాల వరసలో ఈ వెనక రంగు పనే కోళ్ల ఈకలకి ఆ మెరుపు తెచ్చింది. కొరియాలో గోర్యో రాజుల కాలం (918 నుంచి 1392) బౌద్ధ చిత్రాల్లోనూ ఇదే పద్ధతి. కాలాన్ని పట్టించే రంగులూ ఉన్నాయి, ప్రష్యన్ బ్లూ అనేది 18వ శతాబ్దం మొదట్లో బెర్లిన్‌లో పుట్టింది, టైటానియం తెలుపు సుమారు 1920 నుంచి మార్కెట్లోకి వచ్చింది, చైనాలో మింగ్ రాజుల కాలం (1368 నుంచి 1644) బొమ్మలో, తర్వాత దిద్దిన చోట కాకుండా అసలు రంగుల్లోనే అది దొరికితే ఇక మాట్లాడేదేం లేదు. కానీ ఇవి ల్యాబ్‌లో తేలాల్సినవి, కంటితో కాదు.

యూవీ టార్చి కొనుక్కోవచ్చు, చిన్నది చాలు. చీకటి గదిలో వేస్తే ఈ కాలపు కాగితం, దారం నీలం తెలుపుగా భగ్గుమంటాయి, ఎందుకంటే రెండో ప్రపంచ యుద్ధం తర్వాత తెల్లదనం కోసం వాటిలో ఒక రసాయనం కలపడం మామూలైపోయింది. బొమ్మ ఉన్న పట్టే అలా వెలిగితే కొత్తదే. వెనక కాగితం మాత్రమే వెలిగితే తొందరపడకండి, మళ్లీ అంటించి ఉండొచ్చు.

అవును సార్, అడగండి. ...ఆఁ, మంచి ప్రశ్న, వినిపించిందా అందరికీ, "చైనాదో జపాన్‌దో ఎలా చెప్తారు" అంటున్నారు. బొమ్మ చూసి చెప్పడం కంటే దాని కట్టు, అంటే బొమ్మ చుట్టూ అంటించిన బట్టా కాగితం, చూసి చెప్పడం తేలిక, కానీ పూర్తిగా నమ్మలేం. జపాన్ వేలాడే చుట్టలో రెండు మూడు రకాల జరీ బట్టలుంటాయి, బొమ్మకి ఆనుకుని పైనా కిందా సన్నటి ఖరీదైన పట్టీ, పైనుంచి రెండు రిబ్బన్‌లు వేలాడుతుంటాయి. చైనా కట్టు మామూలుగా సాదాగా ఉంటుంది, లేత రంగు పట్టు ఒక్కటే చుట్టూరా. పాత చైనా కట్టుల్లో కూడా ఆ రెండు రిబ్బన్‌లు ఉండేవి కాబట్టి అదొక్కటే చూసి తీర్పు చెప్పకండి. పైగా జపాన్‌వాళ్లు వందల ఏళ్లుగా చైనా బొమ్మలు తెచ్చుకుని వాళ్ల పద్ధతిలో కట్టుకున్నారు, క్యోటోలో దైతొకుజీ గుడిలో ఉన్న బోధిసత్వుడు, కొంగ, కోతుల చిత్రాలు ముచీ అనే 13వ శతాబ్దపు చైనా సన్యాసి పట్టు మీద వేసినవి, ఉన్నది జపాన్‌లో. కాబట్టి కట్టు చెప్పేది ఆఖరున ఎక్కడ కట్టారో, ఎక్కడ వేశారో కాదు.

వియత్నాం వేరే కథ. అక్కడ పట్టు పెయింటింగ్ అని మనం ఇప్పుడు అనేది చాలావరకు 20వ శతాబ్దపు సంగతి, హనోయ్‌లో 1925లో ఫ్రెంచివాళ్లు తెరిచిన ఆర్ట్ కాలేజీ నుంచి వచ్చింది. పట్టుని తడిపి, పల్చటి రంగు వేసి, కడిగి, మళ్లీ వేసి, అలా అలా రంగు పోగుల్లోకి ఇంకిపోతుంది, పైన కూర్చోదు. న్గుయెన్ ఫాన్ చాన్ అనే ఆయన వేసిన గోధుమ, నలుపు బొమ్మలు 1931లో ప్యారిస్‌లో ప్రదర్శించారు, అందులో ఆడపిల్లలు నేల మీద కూర్చుని మన వామనగుంటల్లాంటి ఆట ఆడుకునే బొమ్మ అందరికీ తెలిసిందే. వీటిని చుట్టరు, కాగితం మీద అంటించి అద్దం ఫ్రేమ్‌లో పెడతారు. లే ఫో, మై ట్రుంగ్ థూ, వూ కావో డామ్ అనే వియత్నాం చిత్రకారులు ఫ్రాన్స్ వెళ్లి స్థిరపడ్డారు, అందుకే ఈ బొమ్మలు యూరప్ ఇళ్లలోంచి బయటికొస్తుంటాయి, ధర పెరిగింది కాబట్టి నకిలీలు కూడా అంతే జోరుగా వస్తుంటాయి. ఈ పేర్లు కనిపిస్తే రెట్టింపు అనుమానం పెట్టుకోండి.

మొఘల్ దర్బారు, అంబారీ ఏనుగు, వేట, ఇవి పట్టు మీద ఉంటే? మన సూక్ష్మ చిత్రాలు పాతవి కాగితం మీదే ఎక్కువ. పట్టు మీద కనిపించేవి దాదాపుగా టూరిస్టుల కోసం ఈ మధ్య వేసినవి. అంతే, దాని మీద ఇంకా చెప్పేదేం లేదు.

ఇక ఈ టేబుల్ మీదున్నది చూద్దాం, దగ్గరికి రండి, కాఫీ కప్పులు మాత్రం అక్కడే వదిలేయండి. చెక్క పెట్టెలో ఉంది, పౌలోనియా చెక్క, చేతిలోకి తీసుకుంటే బరువే ఉండదు. జపాన్‌లో మంచి బొమ్మకి ఈ పెట్టె ఉంటుంది, మూత మీద బొమ్మ పేరు, మూత లోపలి వైపు చిత్రకారుడు సంతకం చేసి ముద్ర వేస్తాడు. అలాంటి పెట్టె ఉంటే బొమ్మకి విలువ పెరుగుతుంది. కానీ పెట్టె ఒక బొమ్మదీ బొమ్మ ఇంకోటీ కావడం చాలా మామూలు. ఎలా చూస్తామంటే, పెట్టె లోపల కర్ర చివరలు ఆనడానికి రెండు గంట్లు ఉంటాయి, ఇదిగో, చుట్ట పొడవు ఆ గంట్లకి సరిగ్గా సరిపోవాలి. ఇక్కడ చూడండి, రెండు వేళ్లు ఖాళీ ఉండిపోయింది. అంటే ఈ పెట్టె దీనికి చేయించింది కాదు. మూత మీద "కొంగలు, దేవదారు" అని రాసుంది, లోపల చూస్తే పిచ్చుక, వెదురు. కొంగ ఎటు ఎగిరిపోయిందో మరి.

చుట్టని మెల్లగా, ఇలా, ఒక చేత్తో పట్టుకుని ఇంకో చేత్తో. బిగుసుకుపోయి శబ్దం చేస్తే ఆపేయండి, బలవంతం చేస్తే ఆ ఒక్క నిమిషంలో వందేళ్ల బొమ్మ ముక్కలవుతుంది. కింద కర్ర చివర ఈ తెల్ల గుబ్బలున్నాయి చూశారా, ఎముక కావచ్చు, దంతం కావచ్చు, ప్లాస్టిక్ కావచ్చు. దంతం అయితే దేశాలు దాటించేటప్పుడు చాలా ఇబ్బంది, ఏనుగు దంతం వ్యాపారం మీద అంతర్జాతీయ నిబంధనలు ఉన్నాయి, కొనే ముందే కనుక్కోండి. ఇప్పుడు పిచ్చుక కాలు చూడండి, లెన్స్ పెట్టి. వెదురు కొమ్మని నిజంగా పట్టుకుందా, లేక కొమ్మ ముందు ఊరికే గీసి వదిలేశారా? ఇక్కడ గోళ్లు కొమ్మ చుట్టూ తిరిగి వెనక్కి పోయాయి, వెనక వేలు కూడా వేశాడు, కంటి చుట్టూ సన్న గీత, మధ్యలో చిన్న చుక్క ఖాళీ వదిలాడు. ఆకుల చివరలు చూడండి, ఒక్క దెబ్బలో లాగి వదిలినవి, మళ్లీ దిద్దలేదు. పెట్టె తప్పు, పేరు ఇంకా తెలీదు, కానీ చెయ్యి మంచిది. నేనైతే మంచి చెయ్యున్న అనామకుడి బొమ్మ కొంటాను గానీ, పేరున్నవాడి సంతకంతో ఉన్న నీరసం బొమ్మ కొనను, ఇది నా అభిప్రాయం, వ్యాపారం చేసేవాళ్లు వేరేలా చెప్తారు.

ఫ్రేమ్‌లో ఉన్నవాటికి వెనక అట్ట మీద లేబుళ్లు చదవండి. అమెరికా 1890 టారిఫ్ చట్టంతో 1891 నుంచి దిగుమతి సరుకు మీద ఏ దేశానిదో రాయాల్సి వచ్చింది. అందుకే "నిప్పాన్" (జపాన్‌కి జపనీస్‌లో పేరు) అని ఉంటే సాధారణంగా 1891కీ 1921కీ మధ్య, ఆ తర్వాత "జపాన్". "ఆక్యుపైడ్ జపాన్" అని ఉంటే యుద్ధం తర్వాత 1952 లోపు. ఇవి ఎగుమతి సరుకు అని కూడా చెప్తున్నట్టే. ఫ్రేమ్ చేసేటప్పుడు చుట్టని కోసేసి ఉంటారు చాలాసార్లు, అంచున సగం ముద్ర కనిపిస్తే అక్కడ కోత పడిందని అర్థం. జపాన్‌లో బంగారు అంచున్న చిన్న అట్టలు కూడా చాలా దొరుకుతాయి, సుమారు 27 సెంటీమీటర్లకి 24, కొన్నిటికి పైన పట్టు ఉంటుంది, వీటిలో ప్రింట్లు చాలా ఎక్కువ.

సరే, ఇక పేరు. ముద్రలో అక్షరాలు తెల్లగా ఉండి చుట్టూ ఎరుపు ఒక రకం, అక్షరాలే ఎర్రగా ఉండేది ఇంకో రకం. ముద్రలు వేసేది చిత్రకారుడొక్కడే కాదు, తర్వాత దాచుకున్నవాళ్లూ వేస్తారు, 18వ శతాబ్దపు చైనా చక్రవర్తి చియెన్‌లాంగ్ అయితే ఖాళీ దొరికిన చోటల్లా కొట్టేశాడు. తేదీలో ఇంకో చిక్కు, చైనా లెక్కలో మన ప్రభవ విభవల్లాగే అరవై ఏళ్ల చక్రం, కాబట్టి జియాజి సంవత్సరం, అంటే ఆ చక్రంలో మొదటిది, అని ఉంటే అది 1864 కావచ్చు, 1924 కావచ్చు, 1984 కావచ్చు, పట్టూ రంగూ చూసి తేల్చుకోవాలి. జపాన్‌లో రాజు పేరుతో లెక్క, మెయిజీ 1868 నుంచి 1912, తైషో 1926 దాకా, షోవా 1989 దాకా. అది కాస్త నయం.

పాత గురువుల బొమ్మని చూసి దింపడం అక్కడ నేరమేం కాదు, 6వ శతాబ్దంలో చైనాలో షియె హ అనే ఆయన చిత్రకళకి చెప్పిన ఆరు సూత్రాల్లో ఆరోది అదే, నకలు రాయడం ద్వారా విద్యని అందించడం. శిష్యుడు గురువు పేరు కూడా రాస్తాడు, గౌరవంతో. తర్వాత రెండొందల ఏళ్లకి ఎవడో దాన్ని గురువుదే అని అమ్ముతాడు. ఇక కావాలనే చేసినవాళ్లలో జాంగ్ దాచియెన్, 1899 నుంచి 1983, తనే పెద్ద చిత్రకారుడు. ఆయన వేసిన కొండల దృశ్యాన్ని బోస్టన్ మ్యూజియం 1957లో పదో శతాబ్దపు చిత్రకారుడు గువాన్ తోంగ్‌ది అనుకుని కొంది. ఇప్పుడు దాన్ని జాంగ్ పేరుతోనే ఉంచారు, పట్టు మీద సిరా, రంగులు. అంత పెద్ద మ్యూజియమే కొన్నప్పుడు, ఫోటోలో ముద్ర చూసి నేనెలా చెప్పగలను, మీరే చెప్పండి.

వేలంపాట క్యాటలాగ్‌లు చదివేటప్పుడు మాట మాటకీ తేడా ఉంటుంది. పేరు ఒక్కటే రాస్తే ఆ చిత్రకారుడిదే అని వాళ్ల ఉద్దేశం. "అట్రిబ్యూటెడ్ టు" అంటే అయి ఉండొచ్చు. "స్కూల్ ఆఫ్" అంటే ఆ వర్గంవాళ్లు. "ఆఫ్టర్" అంటే నకలు. అమ్మేవాడు నోటితో ఏం చెప్పినా బిల్లు మీద ఏం రాశాడో చూసుకోండి. విలువ కట్టేటప్పుడు చెయ్యి, తర్వాత స్థితి, తర్వాత ఎవరి దగ్గర్నుంచి ఎలా వచ్చిందో కాగితాలు, పాత రసీదు, పాత ఫోటోలో గోడ మీద కనపడటం, ఇలాంటివి. బొమ్మలో ఏముందన్నది కూడా లెక్కే, కానీ అది కాలాన్ని బట్టి మారుతుంది.

ఇంకో ప్రశ్న ఉందా? చెప్పమ్మా. ...బూజు చుక్కలున్నాయి, తుడవొచ్చా? వద్దు. నీళ్లు తగిలితే పటిక, జిగురు కదిలిపోతాయి, మరక అంచు కట్టి శాశ్వతంగా ఉండిపోతుంది. ఇస్త్రీ వద్దు, సెలోటేప్ అసలొద్దు. వెనక అంటించడానికి వాడేది గోధుమ పిండి జిగురు, సిల్వర్ ఫిష్‌కి అదే ఇష్టం, పొడిగా ఉంచండి. ఎప్పుడూ గోడకి వేలాడదీసి ఉంచకండి, మ్యూజియాల్లో పట్టు మీద వెలుతురు 50 లక్స్ (వెలుతురు కొలత) దాటనివ్వరు, జపాన్‌లో జాతీయ సంపదగా గుర్తించిన పట్టు బొమ్మల్ని ఏడాదికి దాదాపు 60 రోజులకి మించి బయట పెట్టరు. ఫ్రేమ్‌లో ఉంటే అద్దం బొమ్మకి తగలకూడదు, తగిలి అంటుకుని ఉంటే మీరు లాగొద్దు, కన్సర్వేటర్, అంటే పాత బొమ్మలు బాగుచేసే నిపుణుడి దగ్గరికి అద్దంతో సహా తీసుకెళ్లండి. వెళ్లేముందు ముందూ వెనకా, నాలుగు మూలలూ, పక్కనుంచి టార్చి వేసి ఒకటి, ముద్ర దగ్గరగా ఒకటి, ఫోటోలు తీసి పెట్టుకోండి. పాత కాగితం వెనక నుంచి పీకేస్తామని వాళ్లంటే, దాని మీద రాత ఉందేమో చూసి, ఉంటే ఆ ముక్క మీకే తిరిగి ఇమ్మని ముందే చెప్పండి.